ఎండకు ఆపిన బండి: పాఠకుల ప్రశ్నలకు మెకానిక్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నడిచే బండి గురించి కాదు, ఆపిన బండి గురించి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అలాంటి ఎండలో రోజంతా నిలబడితే రబ్బరు, రెగ్జిన్, రంగు ఏమవుతాయో ఖమ్మంలో మా షెడ్డు ముందుకు వచ్చే బండ్లను చూస్తేనే తెలుస్తుంది. నా మాట ముందే చెప్పేస్తాను. బండికి మొదట నీడ కావాలి, తర్వాత గాలి ఆడాలి, ఆ తర్వాతే కవరు. చాలామంది ముందు కవరు కొనేసి, ఇక పని అయిపోయిందనుకుంటారు. కింది ప్రశ్నల్లో సగం అక్కడినుంచే పుట్టాయి.

*ప్రశ్న: నేను మణుగూరులో ఓపెన్‌కాస్టు గనిలో పనిచేస్తాను. మొదటి షిఫ్టుకు పోతే బండి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఎండలోనే. స్టాండులో రేకులు సగం బండ్లకే సరిపోతాయి. రెండేళ్ళకే ఎర్ర ట్యాంకు వెలిసిపోయింది, సీటు మీద కూర్చోలేకపోతున్నా. కవరు కప్పమంటారా? — గని కార్మికుడు, మణుగూరు*

జవాబు: తమ్ముడూ, మీరున్న చోట నిండా కవరు కప్పొద్దు. బొగ్గు దుమ్ము పడే చోట గాలికి కవరు కొట్టుకుంటూ ఉంటే, లోపల చేరిన దుమ్ము ట్యాంకును ఉప్పుకాగితంలా గీకుతుంది. ఎండకు పోయే రంగు కొన్నేళ్ళకు పోతే, ఈ గీతలు ఒక్క ఎండాకాలంలోనే పడతాయి.

ముందు నీడ వెతుకుదాం. రేకుల కింద చోటు దొరక్కపోతే రేకులకు తూర్పు పక్కన, అంచుకు ఆనించి ఆపండి. పన్నెండు దాటాక నీడ అటే జరుగుతుంది. పొద్దున ఎండ తగిలినా, అసలు మండే వేళకు బండి నీడలో ఉంటుంది. ఉత్తరం గోడ చాటున ఆపితే చాలని కొందరు అనుకుంటారు. చలికాలంలో అది నిజమే. మే నెలలో మాత్రం మనకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి నిటారుగా నిలబెట్టిన కర్రకు మిట్టమధ్యాహ్నం నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు ఎండ కాస్త ఉత్తరం నుంచే వస్తుంది. అందుకే ఈ రోజుల్లో ఉత్తరం గోడను నమ్ముకోవద్దు, తూర్పు గోడను చూసుకోండి.

ఏ నీడా లేకపోతే బండి ముఖం పడమటికి పెట్టి ఆపండి. మీటరు, స్విచ్చులు నడిపేవాడి వైపు చూస్తుంటాయి కాబట్టి మధ్యాహ్నం ఎండ వాటి వీపు మీద పడుతుంది. డిజిటల్ మీటర్లు ఎండ వేడికి నల్లబడి అంకెలు కనబడకుండా పోవడం ఈమధ్య తరచు చూస్తున్నాం. చల్లబడితే చాలావరకు మామూలుకు వస్తాయి కానీ, ఏళ్ళ తరబడి అదే పనిగా కాలితే రావు.

ట్యాంకుకూ సీటుకూ మటుకు తెల్లటి ముతక నూలు గుడ్డ వాడండి. పాత పంచె మడత పెట్టి కట్టుకుంటే చాలు. కప్పే ముందు ట్యాంకు మీది దుమ్మును పొడి గుడ్డతో తుడవకండి. బొగ్గు పొడిని పొడిగా రుద్దితే కవరుతో వచ్చిన గీతలే మళ్ళీ వస్తాయి. మెత్తటి బ్రష్షుతో దులపండి, నీళ్ళుంటే పోసి కడిగేయండి. గుడ్డను కూడా వారం వారం ఉతకాలి. సీటుకు మార్కెట్లో దొరికే లేత రంగు జాలీ కవరు మంచిదే, లోపల గాలి ఆడుతుంది. నల్ల రెగ్జిన్ మీద ఇంకో నల్ల రెగ్జిన్ తొడిగించుకుంటే మీ బాధ రెట్టింపవుతుంది. సీటు కుట్ల దగ్గర రెగ్జిన్ పగిలిందేమో కూడా చూడండి. ఎండకు పగిలిన సందులోంచే వానాకాలంలో ఫోములోకి నీళ్ళు దిగుతాయి. అప్పుడిక సీటు మొత్తం విప్పాల్సిందే.

వెలిసిన ఎరుపు సంగతి. మిగతా రంగులకన్నా ఎరుపు ముందు పోతుంది. ఎరుపు వర్ణకం ఎండలో శక్తి ఎక్కువున్న నీలం వైపు కాంతిని పీల్చుకుంటుంది, ఆ శక్తికే అది విరిగిపోతుంది. దానికి కాపలా పైనున్న క్లియర్ కోటు, అంటే రంగు మీద పూసే పారదర్శక పొర. మెరుపు వస్తుందని నెల నెలా రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి రుద్దించేవాళ్ళు ఆ కాపలానే అరగదీస్తున్నారు. ఒకసారి రుద్దించి, ఆ పైన రెండు మూడు నెలలకోసారి మైనం పాలిష్ పూసుకుంటే చాలు. క్లియర్ కోటు పొరలు పొరలుగా లేచిపోయి ఉంటే పాలిష్ ఏదీ పనిచెయ్యదు, ట్యాంకుకు మళ్ళీ రంగు వేయించాలి. ఆ సంగతి దాచి పాలిష్ డబ్బా అంటగట్టే దుకాణాల మాట నమ్మకండి.

ఇంకో రెండు మాటలు. తారు మీద సైడ్ స్టాండు వేస్తే కింద చదునైన రాయి గానీ చెక్క ముక్క గానీ పెట్టండి. తారు మెత్తబడి స్టాండు దిగబడితే బండి పక్కకు ఒరుగుతుంది. టైర్ల గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూపించుకోండి. మధ్యాహ్నం వేడి టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే మర్నాడు పొద్దుటికి తక్కువైపోతుంది.

*ప్రశ్న: మా ఇల్లు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, సముద్రం దగ్గర్లో. బండి మీద ఎప్పుడూ కవరు కప్పే ఉంచుతాం. అయినా రిమ్ములు, నట్లు, సైలెన్సర్ తుప్పు పడుతున్నాయి. కవరు తీస్తే లోపల చెమ్మగా ఉంటోంది. — గృహిణి, విశాఖపట్నం*

జవాబు: అమ్మా, “అయినా” అన్నారు. నా లెక్కన ఆ కవరు వల్ల కూడా తుప్పు పడుతోంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. ఆ రెండూ ఇనుము మీద కూర్చున్నాక పైన గాలి చొరని ప్లాస్టిక్ కప్పితే, పగలు లోపల ఆవిరైన తేమకు బయటికి దారి ఉండదు. రాత్రి చల్లబడి మళ్ళీ బండి మీదే నీరవుతుంది. అంటే రోజూ మనమే బండికి ఉప్పు నీటి స్నానం చేయిస్తున్నట్టు.

పట్టాలు, ప్లాస్టిక్ కవర్లు తీసేయండి. గుడ్డ కవరు కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. గుడ్డను నోటికి ఆనించి ఊదండి. కష్టంగానైనా ఊపిరి అవతలికి పోతే తీసుకోండి. లోపలి వైపు మెత్తటి అస్తరు ఉండాలి. కవరు అంచు నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో ఆగాలి, కింది నుంచి గాలి ఎక్కాలి. మధ్యలో పొట్ట కింద బిగించే బెల్టు తప్పనిసరి, మీ ఊరి గాలికి అది లేని కవరు నిలవదు.

కవరు కంటే మీకు ముఖ్యమైనది మంచినీళ్ళ కడుగుడు. వారానికోసారి పైపు నీళ్ళతో ఉప్పు పోయేలా కడగండి. రిమ్ము లోపలి అంచు, మడ్‌గార్డు అడుగు, సైలెన్సర్ కింది భాగం, మనం చూడని చోట్లన్నీ. బట్టలుతికే పొడి వద్దు, బండి షాంపూ చుక్క చాలు. కడిగిన వెంటనే కప్పేయకండి. తుడిచి, నాలుగైదు కిలోమీటర్లు తిప్పి తెచ్చి, సైలెన్సర్ చల్లబడ్డాక కప్పండి. వేడి సైలెన్సర్‌కు కవరు అంటుకుంటే కరిగి, దాని మీద నల్లటి మచ్చ ఊడదు. పుల్లల రిమ్ములైతే ఒక్కో పుల్లను పొడిగా తుడిచి, గుడ్డకు చుక్క నూనె అద్ది పలచగా పూయండి. ఆ గుడ్డ బ్రేకు డిస్కుకు గానీ టైరుకు గానీ తగలకూడదు. ఇది చాలా జాగ్రత్తగా చూడాలమ్మా, నూనె తగిలిన డిస్కు బ్రేకు పట్టదు. బ్యాటరీ నట్ల మీద పెట్రోలియం జెల్లీ పూయించండి. చైనుకు కడిగిన ప్రతిసారీ చైన్ నూనె వేయాలి.

డీజిలుతో తుడిస్తే తుప్పు రాదని ఎవరో చెప్పారని కూడా రాశారు. వద్దు. మెరుపు రెండు రోజులే. తర్వాత దుమ్మంతా అంటుకుంటుంది, రబ్బరు భాగాలు ఉబ్బి పాడవుతాయి.

*ప్రశ్న: ఎండాకాలంలో ఫుల్ ట్యాంకు కొట్టిస్తే పేలుతుందని ఫోనులో మెసేజ్ వచ్చింది. మాది రెంటచింతల, ఎండ సంగతి మీకు తెలుసు. నిజమేనా? — డిగ్రీ విద్యార్థి, పల్నాడు జిల్లా*

జవాబు: నిజం కాదు. కంపెనీ చెప్పిన కొలత వరకు నింపుకోవచ్చని ఇండియన్ ఆయిలే స్పష్టంగా చెప్పింది. పది లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటు ట్యాంకులోనే వదిలి తయారుచేస్తారు. మూత దాకా, మెడ నిండా పోయించుకుంటే మాత్రం ఆ చోటు మనం తినేసినట్టే. పెట్రోలు పొంగి రంగు మీద కారుతుంది. బీఎస్6 బండ్లలో, అంటే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం తయారైనవాటిలో, పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా ఒకటుంటుంది, దాంట్లోకి పెట్రోలు దిగితే అది పాడవుతుంది. బంకులో పంపు దానంతటదే ఆగగానే “చాలన్నా” అనండి.

*ప్రశ్న: కూకట్‌పల్లిలో అపార్టుమెంటు సెల్లారులో బండి పెడతాను. ఎండా వానా లేవు, కానీ స్లాబు నుంచి చుక్కలు పడి ట్యాంకు మీద తెల్లటి మచ్చలు. పావురాల రెట్టలు వేరే. గట్టిగా రుద్దినా పోవట్లేదు. మాట్ నలుపు బండి. — ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాదు*

జవాబు: రుద్దడం ఇవాళే ఆపేయండి. స్లాబులోంచి దిగే నీళ్ళు సిమెంటులోని సున్నాన్ని కరిగించుకుని వస్తాయి. ట్యాంకు మీద ఆరాక అది రాయిలా గట్టిపడుతుంది. తెల్ల వెనిగరు, నీళ్ళు సమానంగా కలిపి గుడ్డ తడిపి మచ్చ మీద రెండు మూడు నిమిషాలు పరచండి. మెత్తబడ్డాక మెల్లగా ఎత్తి, బాగా నీళ్ళు పోయండి. మొండిదైతే మళ్ళీ చేయండి, అంతేకాని బ్లేడు పెట్టి గీకొద్దు. అల్యూమినియం, క్రోము భాగాల మీద వెనిగరు నిలవనివ్వకండి. రెట్టకు కూడా అంతే, తడి గుడ్డ వేసి నాననిచ్చి ఎత్తాలి. ఆ రోజే తీస్తే మచ్చ ఉండదు, వారం ఉంటే రంగును తినేస్తుంది.

మాట్ రంగుకు మైనం, పాలిష్ పూయకూడదు. పూస్తే అక్కడక్కడా మెరిసి గజ్జి పట్టినట్టు కనబడుతుంది, మళ్ళీ మాట్ రాదు. మీకు నీడ ఎలాగూ ఉంది కాబట్టి, ఈ నెల రాసినవాళ్ళందరిలో కవరు నిజంగా అక్కరకొచ్చేది మీకే. పలచటి నూలు కవరు చాలు. చుక్క పడే చోటు మాత్రం సొసైటీవాళ్ళకు చూపించి బాగు చేయించండి. అది బండి సమస్య కాదు, భవనం సమస్య.

*ప్రశ్న: మా నాన్నగారి స్ప్లెండర్, 1998 మోడల్. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. జూన్‌లో అమ్మాయి దగ్గరికి డల్లాస్ వెళ్తున్నాం, ఐదు నెలలు రాము. ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. వారానికోసారి స్టార్ట్ చేయమని పక్కింటాయనకు తాళం ఇచ్చి వెళ్ళనా? — విశ్రాంత ఉపాధ్యాయుడు, జగిత్యాల*

జవాబు: మాస్టారూ, అలాంటి బండిని అమ్మేయకుండా నడుపుతున్నందుకు ముందు మీకు నమస్కారం. ఆ ఇంజను సరిగ్గా చూసుకుంటే ఇంకా చాలా ఏళ్ళు తిరుగుతుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

తాళం ఇవ్వకండి. పక్కింటాయన మంచివారే కావచ్చు. కానీ రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. పెట్రోలు మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కకపోతే ఆ నీరు సైలెన్సర్‌లో, ఇంజన్ ఆయిల్లో నిలిచిపోతుంది. వారం వారం కాస్త కాస్త నీరు పోసినట్టే. నడిపితే ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడపాలి, లేదంటే అసలు ముట్టుకోకూడదు.

వెళ్ళే వారం ఇంజన్ ఆయిల్ మార్పించండి. వచ్చాక మారుద్దాం అనుకుంటారు అందరూ. వాడిన ఆయిల్లో ఆమ్లం, మసి ఉంటాయి, ఐదు నెలలు అవి లోపలి బేరింగుల మీద కూర్చోవడం ఎందుకు? కొత్త ఆయిల్ పోశాక ఒకసారి బాగా తిప్పండి.

తర్వాత పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో వానాకాలపు తేమ గాలి ఉంటుంది, పెట్రోలుకు నీరు చేరుతుంది, పైభాగంలో ఇనుముకు తుప్పు పడుతుంది. కాబట్టి తాజా పెట్రోలు కొలత దాకా నింపి, మూత రబ్బరు వాషరు గట్టిపడితే మార్పించండి. ఇంటికి వచ్చాక పెట్రోలు కాక్ కట్టేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడవనివ్వండి. కార్బొరేటర్ అడుగు స్క్రూ వదులు చేసి మిగిలిన చుక్కలు కూడా తీసేయండి. నెలల తరబడి అక్కడ నిలిచిన పెట్రోలు జిగురై, పెట్రోలు దూరే సన్నటి రంధ్రాలను, అంటే జెట్లను, మూసేస్తుంది. తిరిగొచ్చాక “కిక్కు కొట్టీ కొట్టీ కాలు నొప్పి పుట్టింది” అని మా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావాటి జబ్బు ఇదే.

ఇంజను చల్లారాక స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో ఒక చిన్న చెంచా ఇంజన్ ఆయిల్ వేసి, చేత్తో మెల్లగా కిక్ రాడ్ నాలుగైదుసార్లు తిప్పండి. సిలిండరు గోడలకు నూనె పట్టి తుప్పు రాదు. ప్లగ్గు మళ్ళీ బిగించండి. బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టండి. ముందు నెగటివ్ వైరు, తర్వాత పాజిటివ్. మీరే లేరు కాబట్టి మధ్యలో ఛార్జింగు కుదరదు. వెళ్ళే ముందు నిండా ఛార్జి చేయించి చల్లటి గదిలో పెడితే చాలావరకు నిలుస్తుంది. వేడి గదిలో దాని ఛార్జి దానంతటదే తొందరగా దిగిపోతుంది.

డబుల్ స్టాండు వేసి, ఇంజను కింద చెక్క దన్ను పెట్టి ముందు చక్రం కూడా నేలకు ఆనకుండా చేయండి. టైరు ఒకేచోట అణిగి ఉండదు. సైలెన్సర్ నోటికి గుడ్డ కట్టండి, లేదంటే కందిరీగలు లోపల మట్టిగూళ్ళు పెడతాయి. తీయడం మర్చిపోకుండా ఆ గుడ్డ కొస హ్యాండిల్‌కు కట్టి ఉంచండి. షెడ్డులో వడ్ల బస్తాలు, చిట్టు, తవుడు ఉంటే బయటికి మార్చండి. వాటి కోసం వచ్చిన ఎలుకలే వైర్లు కొరుకుతాయి.

మీ రేకుల షెడ్డు గురించి. వట్టి రేకులు జూన్ ఎండను కిందికే దించుతాయి. రేకుల మీద తాటాకు గానీ వరిగడ్డి గానీ పరిపిస్తే లోపల వేడి బాగా తగ్గుతుంది. గాలికి లేవకుండా తాడు వేయించండి. నన్నడిగితే ఎండను ఆపడంలో తాటాకు పందిరిని మించిన కప్పు మన ఊళ్ళలో లేదు. బండి మీద మాత్రం పాత నేత దుప్పటి ఒక్కటి చాలు.

వచ్చాక తొందరపడకండి. కాక్ దగ్గర పైపు విప్పి ఒక గాజు సీసాలోకి కాస్త పెట్రోలు పట్టి చూడండి. అడుగున వేరే పొర కనబడితే ట్యాంకు మొత్తం దింపేయాలి. స్పష్టంగా ఉంటే సరే. టైర్ల పక్క గోడలు వంచి పగుళ్ళు చూడండి. వాటి మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైందన్నమాట. అంత పాతవైతే రబ్బరు బాగున్నట్టు కనబడినా మార్పించండి మాస్టారూ, బండి కన్నా మీరు ముఖ్యం.

*ప్రశ్న: ఎలక్ట్రిక్ స్కూటర్ ఆఫీసు బయట ఎండలో ఉంటుంది. ఇంటికి రాగానే ఛార్జింగు పెడతాను. పర్వాలేదా? — బ్యాంకు ఉద్యోగిని, నల్గొండ*

జవాబు: రాగానే వద్దమ్మా. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. ఎండలో కాగి, నడిచి ఇంకా వేడెక్కిన బ్యాటరీని ఓ గంట నీడలో చల్లారనిచ్చి అప్పుడు పెట్టండి. కవరు కప్పి ఛార్జింగు చేయకండి. సెలవులకు వెళ్తే నిండా ఛార్జి చేసి కాకుండా, సగానికి కాస్త అటూ ఇటూ ఉంచి నీడలో ఆపి వెళ్ళండి.

*ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో బండి మునిగింది. తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ భయంగా ఉంది. కవరు కప్పి తాళ్ళతో కట్టేస్తే సరిపోతుందా? — ఆటోనగర్ కార్మికుడు*

జవాబు: తుపానుకు ముందు చేయాల్సిన మొదటి పని కవరు తీసేయడం. గాలి కవరులో నిండిందంటే బండిని అదే పడగొడుతుంది. గోడకు దగ్గరగా సైడ్ స్టాండు వేసి, మొదటి గేరులో పెట్టి, హ్యాండిల్ తాళం వేసి, చాసిస్‌ను తాడుతో స్తంభానికి కట్టండి. హ్యాండిల్‌కో అద్దాల కాడలకో కడితే అవే విరుగుతాయి. చెట్టు కిందా, హోర్డింగు కిందా వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో చెట్లు ఎలా కూలాయో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

మీ ప్రాంతంలో గాలి కన్నా నీళ్ళ భయం ఎక్కువ. హెచ్చరిక రాగానే బండిని ఎత్తైన చోటికి చేర్చండి. బంధువుల ఇల్లు, మిట్ట మీది రోడ్డు, ఏదైనా సరే. ఇంటి మెట్ల మీద చెక్క పలక వేసి వరండాలోకి ఎక్కించినా మేలే.

అప్పటికీ మునిగితే, నీళ్ళు తీశాక ఎంత ఆత్రంగా ఉన్నా సెల్ఫ్ నొక్కొద్దు, కిక్ కొట్టొద్దు, తాళం కూడా ఆన్ చేయొద్దు. సిలిండరులోకి నీరు పోయి ఉంటే పిస్టన్ దాన్ని అణచలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కడిగి, ఎయిర్ ఫిల్టరు మార్చి, ఆయిల్ మార్పిస్తే పోయే పని ఇంజను మొత్తం విప్పేదాకా పోతుంది. బ్యాటరీ వైరు తీసి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గుర్తు కనబడేలా అన్ని వైపులా ఫోటోలు తీయండి. తర్వాత బీమా కంపెనీకి ఫోను చేయండి, వాళ్ళు చెప్పాకే బండి కదిలించండి. నీళ్ళలో స్టార్ట్ చేసి ఇంజను పాడైందని తేలితే ఆ మేరకు డబ్బు ఇవ్వడానికి పేచీ పెడతారు.

ఇంకొకటి, ఈ వారమే మీ పాలసీ కాగితం తీసి చూడండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి రూపాయి రాదు. సొంత నష్టం, అంటే ఓన్ డ్యామేజ్, కూడా ఉండాలి. లేకపోతే దాన్ని విడిగా తీసుకోవచ్చు, బీమా ఏజెంటును అడగండి. వానలు మొదలయ్యేలోపే ఆ పని పూర్తి చేసుకోండి.